ముందు పొట్టు, తర్వాత బొట్టు

మొన్న ఆదివారం మా రంపం మిషను ఇంటికి తిరిగొచ్చింది. పదిరోజుల క్రితం వరసకు బావ అయ్యే మనిషి జీడితోటలో ఎండుకొమ్మలు కోసుకుంటానని పట్టుకెళ్ళాడు. తెచ్చి అరుగు మీద పెట్టి, "బావా, నీ మిషన్లో పస తగ్గింది, ఓసారి ఎవరికైనా చూపించు" అని సలహా కూడా ఇచ్చి వెళ్ళాడు. పక్కమూత విప్పి చూశాను. ఒళ్ళు మండిపోయింది.

పొట్టూ నూనే కలిసి తెలకపిండిలా గట్టిపడి, పళ్ళచక్రం చుట్టూ కరుచుకుపోయి ఉంది. బ్లేడుకి నూనె వెళ్ళే సన్నటి కంత పూర్తిగా పూడిపోయింది. నూనె అందక బ్లేడు అంచు వేడెక్కి నీలం తిరిగింది. పస తగ్గింది మిషన్లో కాదు. సాయంత్రం పావుగంట కూర్చుని పాత టూత్‌బ్రష్షుతో ఆ పొట్టు దులిపి, బ్లేడు గాడిలో పుల్ల పెట్టి గీకి, గాలి ఫిల్టరు విప్పి దులిపితే ఈ గతి పట్టదు. మళ్ళీ బిగించేటప్పుడు బ్లేడు తిరగేసి పెడితే రెండంచులూ సమంగా అరుగుతాయి. ముందు ప్లగ్గు టోపీ పీకాలి, చేతికి తొడుగు వేసుకోవాలి, అంతే. ట్యాంకులో మిగిలిన పెట్రోలు కూడా తీసెయ్యాలి. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తోంది, అది తేమను లాగుతుంది. నెలల తరబడి వదిలేస్తే కార్బురేటరు జిగురెక్కుతుంది.

అసలు కోపం గొలుసు గురించి. నేలకి తగిలించి కోశాడు. పళ్ళ మొనలు తెల్లగా మెరుస్తున్నాయి. పదునున్న పంటికి మెరుపుండదు. కోసేటప్పుడు పొట్టు అటుకుల్లా రాలితే గొలుసు బాగున్నట్టు. పసుపు పొడిలా లేస్తే ఇక ఆపెయ్యాలి. ఆపకుండా మిషన్ని మాను మీద అదిమి పొగ తెప్పించాడు!

ఆకురాయి పట్టడం ఎవరూ నేర్చుకోవడం లేదు. మా చిన్నప్పుడు కోతవాళ్ళు ఇద్దరు వచ్చి వారం పది రోజులు మా కళ్ళంలో మకాం వేసేవారు. గుంట మీద దుంగ పెట్టి, ఒకడు పైన, ఒకడు కింద. మసక పడే వేళకి పని ఆపి, ముసలాయన రంపాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మూడంచుల ఆకురాయితో ఒక్కో పన్నూ దువ్వేవాడు. ఒక కన్ను మూసి పళ్ళ వరస వెంట చూసేవాడు. ఒక పన్ను కుడికి, పక్కది ఎడమకి వంచి ఉండాలి, లేకపోతే రంపం మానులో పట్టేస్తుంది. మా అమ్మ అన్నానికి పిలిచినా, పళ్ళు పూర్తయితే గాని లేచేవాడు కాదు. ఆ కిర్రుమనే చప్పుడు వింటూ నిద్రపోయిన రాత్రులు నాకింకా గుర్తు.

ఆ కుడి ఎడమల సంగతే 1946లో అమెరికాలో ఒరెగాన్ అడవుల్లో జో కాక్స్ అనే కలప కోతగాడికి మాను తొలిచే పురుగు చూపించింది. ఆ పురుగు దవడలు కుడికీ ఎడమకీ కొరుక్కుంటూ చెక్కలోకి సాగిపోవడం చూసి, ఆయన గొలుసు పన్నుకి కొత్త రూపం ఇచ్చాడు. ఈనాటి గొలుసులు ఆ అడుగుజాడల్లో వచ్చినవే. మా గొలుసుకి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి కావాలి. 30 డిగ్రీల వాలులో, లోపల్నుంచి బయటికి, ఒకే దిక్కుకి తోయాలి. కుడి పళ్ళకి ఎన్ని తోపులో ఎడమ పళ్ళకీ అన్నే. లెక్క తప్పితే కోత వంకర పోతుంది.

ఈ పనుల విలువ మాకు తుఫానప్పుడు తెలిసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి మా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరితోటలు నేలమీద ఉన్నాయి. మా ఊరి దారి పొడవునా మానులే. కరెంటు లేదు. కొబ్బరిమాను పైపొర ఇనుములాంటిది, పైగా ఇసుకలో పొర్లి ఉంది. పెట్రోలు పోసిన ప్రతిసారీ ఆకురాయి తియ్యాల్సి వచ్చింది. రాత్రి టార్చిలైటు వెలుగులో పళ్ళు దువ్వి పడుకున్నాం. ముందురోజు మిషను పొట్టుతో పూడిపోయి ఉంటే ఆ దారి ఎన్నాళ్ళకి తెరుచుకునేదో. వారం తిరిగేసరికి దసరా వచ్చింది. మా నాన్న మిషనుకి కుంకుమబొట్టు పెట్టబోతూ, మూత విప్పి లోపల చూసి మరీ పెట్టారు.

మళ్ళీ ఆయుధపూజ వస్తోంది. మీ ఇంట్లో రంపం మిషను ఉంటే పొట్టు దులిపాకే బొట్టు పెట్టండి. మీకు లేకపోతే మాది పట్టుకెళ్ళండి, కాదనను. తెచ్చేటప్పుడు మాత్రం ఒక్క పావుగంట ఆకురాయి పట్టి తెండి.