గోడ దాటిన బంతి ఎవరిది?

చికాగో నగరపు ఉత్తర భాగంలో స్తంభాలపై నడిచే రైలు ఆడిసన్ స్టేషనులో ఆగగానే పెట్టెలు సగానికి సగం ఖాళీ అవుతాయి. నీలి టోపీలు పెట్టుకున్న జనం మెట్లు దిగి, తీర్థానికి పోయేవారి వలె ఒకే దిక్కుకు నడుస్తారు. వారిలో కలిసిపోతే దారి అడగవలసిన పని లేదు. కొద్ది దూరంలోనే, రెండు మూడు అంతస్తుల ఇటుక ఇళ్ల నడుమ రిగ్లీ ఫీల్డ్ కనిపిస్తుంది.

1914లో కట్టిన ఈ బేస్‌బాల్ క్రీడాంగణం కంటె పాతది అమెరికా పెద్ద లీగులో నేడు ఒక్కటే ఉన్నది. అది 1912లో బోస్టన్‌లో వెలసిన ఫెన్‌వే పార్క్. 1916 నుంచి రిగ్లీ ఫీల్డ్ చికాగో కబ్స్ జట్టుకు ఇల్లు. 1937లో నాటించిన తీగ మైదానపు ఇటుక గోడను వేసవిలో పచ్చగా కప్పేస్తుంది. అదే ఏడు నిలిపిన స్కోరు బోర్డుపై అంకెలను ఇప్పటికీ మనుషులే లోపల నిలబడి మారుస్తారు. రాత్రి ఆటలకు దీపాలు 1988 ఆగస్టు దాకా రాలేదు.

నేను అక్కడికి వెళ్లింది ఆట తెలిసి కాదు. ఆ నగరంలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు రెండు టిక్కెట్లు కొని తీసుకువెళ్లాడు. మా స్థానం గోడకు వెనుక, బ్లీచర్స్ అని పిలిచే బల్లల వరుసలో. వెన్ను ఆనించుకోవటానికి వీలులేని ఆ బల్లలపై పెద్దలూ పిల్లలూ కూడా ఒక చేతికి తోలు తొడుగులు వేసుకొని కూర్చున్నారు.

"వీళ్లంతా ఆడేవారా?" అని అడిగాను.

"లేదు మామయ్యా. బంతి ఇటు వస్తే పట్టుకోవటానికి" అన్నాడు.

రెండు గీతల మధ్యగా, నేలను తాకకుండా బంతి గోడ దాటితే దానిని హోమ్ రన్ అంటారు. కొట్టినవాడు నాలుగు బేస్‌లను వరుసగా తాకుతూ తీరికగా చుట్టివస్తాడు. అతనికి ముందు బేస్‌లపై నిలిచినవారందరూ పరుగులతో ఇల్లు చేరుతారు. మన సిక్సరుకు అన్నగారని చెప్పవచ్చు. కాని క్రికెట్‌లో ప్రేక్షకుల మధ్య పడిన బంతి తిరిగి రావాలి. బంతి పాతబడటం, ఒక వైపు గరుకెక్కటం, ఆటలో భాగం. ఆ బంతి లేకపోతే ఆట మారిపోతుంది. బేస్‌బాల్‌లో అటువంటి బంధం లేదు. 1920లో రే చాప్‌మన్ అనే ఆటగాడు విసిరిన బంతి తలకు తగిలి మరణించాడు. మాసిన బంతి కంటికి ఆనకపోవటం ఒక కారణమని భావించి, అప్పటి నుంచి మట్టి అంటిన బంతులను వెంటవెంటనే మార్చసాగారు. కాబట్టి గోడ దాటిన బంతి ఆటకు అక్కరలేనిది. అక్కర ఉన్నదల్లా చూడవచ్చిన వారికే.

వస్తువుగా చూస్తే అది ఏపాటిది? బరువు 5 నుంచి 5¼ ఔన్సులు, చుట్టుకొలత 9 నుంచి 9¼ అంగుళాలు. తెల్లని తోలు ముక్కలు రెండింటిని ఎర్రని దారంతో కలిపి కుడతారు. ఆ జంట కుట్లు సరిగా 108. మన అష్టోత్తరం లెక్క అక్కడికి ఎలా చేరిందని నేను నవ్వుకున్నాను.

ఈ బంతి ప్రేక్షకునిది అని తేలటానికి కొంత కాలం పట్టింది. పూర్వం జనంలో పడిన బంతిని కావలివారు వచ్చి తిరిగి తీసుకునేవారు. 1916లో ఈ క్రీడాంగణపు యజమాని చార్లెస్ వీగ్‌మన్ తన ప్రేక్షకులను బంతులు ఉంచుకోనిచ్చాడు. అన్ని ఊళ్లలోనూ ఆ ఉదారత లేదు. 1921లో న్యూయార్క్‌లో ఒక ప్రేక్షకుడు తన వద్దకు వచ్చిన బంతిని కావలివారికి ఇవ్వక వెనుక కూర్చున్నవారికి విసిరాడు. జట్టువారు అతనిని బయటకు గెంటారు. అతడు దావా వేసి, 100 డాలర్ల పరిహారం పొందాడు. క్రమంగా అన్ని జట్లూ దారికి వచ్చాయి.

అయితే ప్రేక్షకుని హక్కు గోడతోనే మొదలవుతుంది. గోడకు ఇవతల, మైదానంలోకి చేయి చాచి బంతిని తాకితే అది జోక్యం. అడ్డు లేకుంటే ఏమి జరిగి ఉండేదో అంపైరు నిర్ణయిస్తాడు. గోడకు అవతల, జనం మధ్యకు చేయి చాచిన ఫీల్డరుకు మాత్రం రక్షణ లేదు. అక్కడ బంతి దొరికినవారిదే. 1996 అక్టోబరులో న్యూయార్క్‌లో 12 ఏళ్ల బాలుడు గోడ మీదుగా వంగి, ఫీల్డరు ఎదురుచూస్తున్న బంతిని లోపలికి లాగాడు. అంపైరు దానిని హోమ్ రన్ అన్నాడు. ప్రేక్షకుని జోక్యం జరిగిందని ఆట ముగిశాక ఆయనే ఒప్పుకున్నాడు. అప్పటికి ఫలితం నిలిచిపోయింది. 2008 నుంచి ఇటువంటి నిర్ణయాలను వీడియో చూసి సరిదిద్దే ఏర్పాటు వచ్చింది.

రిగ్లీ ఫీల్డ్‌కు తనవైన విధులు కొన్ని ఉన్నాయి. బంతి తీగలో చిక్కుకుంటే ఫీల్డరు రెండు చేతులూ పైకెత్తి నిలబడాలి; కొట్టినవానికి రెండు బేస్‌లు మాత్రమే దక్కుతాయి. చేతులెత్తకుండా ఆకులలో వెతకటం మొదలుపెడితే ఆట సాగుతున్నట్లే. గోడపైన 1970లో అమర్చిన తీగెల బుట్ట ఒకటి వరుసగా ఉన్నది; దానిలో పడినదీ హోమ్ రన్నే.

వ్రాతలో లేని విధి మరొకటి. ప్రత్యర్థి కొట్టిన హోమ్ రన్ బంతి చేతికి వస్తే, దానిని మైదానంలోకి తిరిగి విసిరివేయాలి. 1960ల చివర ఈ బల్లలపై కూర్చుని అల్లరి చేసే బ్లీచర్ బమ్స్ అనే బృందం కాలం నుంచి ఈ ఆచారం పాతుకున్నదని చెబుతారు. "నీ బంతి మాకు అక్కరలేదు" అని శత్రువుకు చెప్పటమన్న మాట. తరువాత ఇతర నగరాలవారూ దీనిని అనుకరించారు. మైదానంలోకి మరే వస్తువు విసిరినా కావలివారు ఊరుకోరు. ఈ ఒక్కదానికి చూసీ చూడనట్లు ఉంటారు. తెలివైనవారు జేబులో పాత బంతి ఒకటి దాచుకొని, దానిని విసిరి, అసలు బంతిని ఇంటికి పట్టుకుపోతారట.

మా ముందు వరుసలో పదేళ్ల బాలుడు, అతని తాత కూర్చున్నారు. తాత ప్రతి బంతికీ ఒక కాగితం మీద పెన్సిలుతో ఏవో గుర్తులు వేస్తున్నాడు. ఆరవ ఇన్నింగ్స్‌లో అతిథి జట్టు ఆటగాడు కొట్టిన బంతి మా వైపు లేచింది. దూరాన చిన్న చుక్క, చూస్తూండగానే పెద్దదయింది. ఇద్దరు పెద్దవారి తొడుగుల మధ్య నుంచి జారి, బల్లకు కొట్టుకొని, బాలుని వట్టి చేతులలో పడింది.

వాడు దానిని గుండెలకు హత్తుకున్నాడు. వాని ముఖంలో ఆ క్షణంలో వెలిగిన సంతోషం నేను మరువలేను. అది క్షణమే. "విసురు! తిరిగి విసురు!" అని వెనుక నుంచి ఒక గొంతు లేచింది, తరువాత పది, తరువాత వేయి. చప్పట్లతో తాళం వేస్తూ బ్లీచర్స్ అంతా ఒకే మాట. బాలుడు తాత వైపు చూశాడు. తాత పెన్సిలు ఆపి, "బంతి నీది. నీ ఇష్టం" అన్నాడు.

వాడు లేచి నిలబడ్డాడు. పెదవి కొరుక్కున్నాడు. ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. బంతి మైదానం దాకా పోలేదు. గోడపైని బుట్టలో పడింది. అయినా ఆకాశం దద్దరిల్లింది. ఎవరెవరో వచ్చి వాని వీపు తట్టారు.

పక్క వరుసలో నలభై ఏళ్ల మనిషి ఒకడు తన సంచి తెరచి బంతి ఒకటి తీసి వానికి ఇచ్చాడు. ఎడమ వైపు గోడ వెనుక వేవ్‌ల్యాండ్ అవెన్యూలో నిలబడి, బయటపడే బంతుల కోసం కాచుకొని ఉండే వేటగాళ్లు ఈ పేటలో కొందరున్నారు. ఆయన వారిలో ఒకడట.

"ఇది ఎవరు కొట్టినది?" అని బాలుడు అడిగాడు.

"అభ్యాసం వేళ వచ్చింది. ఎవరిదో చెప్పలేను" అన్నాడు ఆయన నిజాయితీగా.

బాలుడు కృతజ్ఞత చెప్పి దానిని జేబులో వేసుకున్నాడు. మళ్లీ తీసి చూడలేదు.

తిరుగు రైలులో మేనల్లుడు మరొక బంతి కథ చెప్పాడు. 2001 అక్టోబరు 7న శాన్ ఫ్రాన్సిస్కోలో బారీ బాండ్స్ ఆ ఏటి 73వ హోమ్ రన్ కొట్టాడు. ఒక సంవత్సరంలో అంతకు మించి కొట్టినవారు లేరు. బంతి ఒక మనిషి తొడుగులో పడింది. మరుక్షణం జనం అతనిపై విరుచుకుపడ్డారు. ఆ తొక్కిడిలో బంతి జారిపోయి, ఏ దౌర్జన్యమూ చేయని మరొకనికి నేలపై దొరికింది. ఇద్దరూ న్యాయస్థానానికి వెళ్లారు. పారిపోయే నక్క, గాయపడిన తిమింగలం ఎవరి సొత్తని తేల్చిన పాత తీర్పులను కూడా న్యాయమూర్తి కెవిన్ మెకార్తీ పరిశీలించవలసి వచ్చింది. మొదటివాడు పట్టు పూర్తి చేయలేకపోయింది గుంపు దౌర్జన్యం వలన; రెండవవానిలో తప్పు లేదు. కనుక బంతిని అమ్మి చెరిసగం పంచుకొమ్మని 2002 డిసెంబరులో తీర్పు చెప్పాడు. 2003లో అది 4,50,000 డాలర్లకు పోయింది. ఆ పైన మొదటివాని వకీలు తన రుసుము కోసం అతనిపైనే దావా వేశాడు. 2024లో షోహెయ్ ఓటానీ ఒకే ఏట కొట్టిన 50వ హోమ్ రన్ బంతి 43 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాని యాజమాన్యం మీద కూడా వ్యాజ్యం నడిచింది.

"ఆ న్యాయమూర్తి చేసింది సబబే కదా మామయ్యా?" అని అడిగాడు.

సబబే. అంతకంటె మంచి తీర్పు నాకూ తోచదు. కాని ఆయన పంచినది బంతి వెలను. ఆ మధ్యాహ్నం మా ముందు వరుసలో జరిగిన దానిలో వెల ప్రసక్తి లేదు. చట్టం బాలునిదే అన్నది. తాతా అదే మాట అన్నాడు. అయినా వేయి గొంతుల మధ్య తన వస్తువును తన దగ్గర ఉంచుకోవటం పదేళ్లవానికి సాధ్యమా? వాడు కోరి ఇచ్చాడా, భయపడి ఇచ్చాడా? అంత దగ్గర కూర్చుండీ నేను చెప్పలేకపోయాను. మేము కూడా చప్పట్లు కొట్టినవారిలోనే ఉన్నామని అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఆట ముగిసి జనం లేస్తున్నప్పుడు చూసిన దృశ్యం ఒకటి చెప్పి ముగిస్తాను. కబ్స్ గెలిచినందుకు స్కోరు బోర్డు మీద తెల్లని జెండా ఎగిరింది. అందరూ నిలబడి పాడుతున్నారు. బాలుడు బల్ల మీదే కూర్చుని తన కుడి అరచేతిని తాతకు చూపిస్తున్నాడు. బంతి తాకిన చోట చర్మం ఎర్రగా కంది ఉన్నది. తాత కళ్లజోడు సవరించుకొని, కుట్ల గుర్తు కనిపిస్తున్నదేమోనని వెలుతురుకు తిప్పి తిప్పి చూస్తున్నాడు.