వంటింట్లో ఎవరూ మిగలని పూట

అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళు నయాగరా జలపాతం గురించో, స్వేచ్ఛా విగ్రహం గురించో చెబుతారు. నేనూ వెళ్ళొచ్చాను, 2023 జూన్‌లో, నెలన్నర రోజులు. కానీ మీకు చెప్పాలనుకున్నది మా తమ్ముడి ఇంటి పెరట్లో ఉన్న ఓ చెక్క బల్ల గురించి! ఇదేం వింత అనుకోకండి. కాస్త ఓపిగ్గా వినండి.

మా తమ్ముడు వాళ్ళుండేది టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్‌ని ఆనుకుని ఉన్న ఇర్వింగ్ అనే ఊళ్ళో. మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, కిరాణా కొట్టుకి వెళ్తే గోంగూర కట్టలు, ములక్కాడలు ఎదురొస్తాయి. థామస్ జెఫర్సన్ పార్కులో గాంధీగారి విగ్రహం కూడా ఉంది. 2014లో పెట్టారట. పొద్దున్నే అక్కడ నడుస్తుంటే "బాగున్నారా అండీ" అని పలకరించే వాళ్ళే! ఇక ఎండ మాటకొస్తే మా బెజవాడకేం తీసిపోదు. "ఇవాళ వంద డిగ్రీలు" అంటే హడలిపోయాను. తీరా అది మన లెక్కలో 38. తేడా ఏమిటంటే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాకా పొద్దు గూకదు.

వెళ్ళిన వారం రోజులకే నాకు మనసులో ఓ బెంగ పట్టుకుంది. ఆ ఇంట్లో నలుగురూ నాలుగు వేళల్లో తింటారు. తమ్ముడు కంప్యూటరు ముందు, మేనల్లుడు తన గదిలో, మేనకోడలు టీవీ ముందు. మరదలు ఆఫీసు నుంచి వచ్చి, ఒకరికి అన్నం, ఒకరికి చపాతీ, ఇంకొకరికి నూడుల్స్ చేసిపెట్టి, చివరికి వంటింటి గట్టు దగ్గర నిలబడి ఏదో తిన్నాననిపిస్తుంది. "ఏమిటమ్మా ఇది?" అంటే "అందరికీ ఒకటే నచ్చదు కదా వదినా" అని నవ్వేసింది.

సరే, పెద్దదాన్ని కదా, నేనే మారుద్దామని ఓ రోజు గుత్తివంకాయ, పప్పుచారు, కోడికూర మొదలెట్టాను. తాలింపులో ఎండుమిరపకాయలు వేశానో లేదో, ఇల్లంతా కుయ్యోమని ఒకటే మోత! పొగ వస్తే మోగే గంటట. తమ్ముడు కుర్చీ ఎక్కి దాన్ని ఆపాడు. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. ఏసీ వేసిన ఇంట్లో మూడు పొయ్యిల వేడి, తలుపులు తీస్తే బయటి వడగాలి. వంట బాగా కుదిరింది కానీ, నాకూ మరదలికీ తినే ఓపిక లేకపోయింది.

అప్పుడు మరదలంది: "శనివారం మేం చేస్తాం వదినా. మీరు కూర్చోండి, చాలు."

ఆ శనివారం పొద్దున డాలస్ ఫార్మర్స్ మార్కెట్‌కి తీసుకెళ్ళారు. మన రైతు బజారు లాంటిదే అనుకోండి. టమాటాలు, కీరాలు, మొక్కజొన్న కంకులు, ఎర్రగా పండిన టెక్సాస్ పీచ్ పళ్ళు. అవన్నీ చూస్తుంటే మన వంటకి దగ్గరగానే ఉన్నట్టనిపించింది. ఎందుకో మేనల్లుడు చెప్పాడు. టెక్సాస్ 1836 దాకా మెక్సికోలో భాగమట. అందుకే వాళ్ళ తిండిలో కొత్తిమీర, పచ్చిమిరప, నిమ్మకాయ, మొక్కజొన్న, నల్ల బీన్స్. అసలు మన మిరపకాయ కూడా ఆ మెక్సికో వైపు నుంచే పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన దేశానికి వచ్చింది. అంటే నా తాలింపుకి గంట మోగింది కానీ, మిరపకాయ మాత్రం దాని పుట్టింటి వైపుకే వచ్చిందన్నమాట!

సాయంత్రం ఏడున్నరకి పెరట్లో నీడ పడ్డాక మా తమ్ముడు గ్రిల్లు వెలిగించాడు. గ్యాసు సిలిండరు తగిలించిన పెద్ద ఇనప పెట్టె, పైన మూత, లోపల ఇనప చువ్వల జల్లెడ. ఇక్కడున్నప్పుడు మంచినీళ్ళు కూడా ముంచుకుని తాగని మనిషి, చేతిలో పట్టకారుతో నిలబడ్డాడు! మా అమ్మ చూడాల్సింది అనుకున్నాను.

కోడి బ్రెస్ట్ ముక్కలు తెస్తే, అలవాటు కొద్దీ సింకులో కడగబోయాను. "వద్దత్తా!" అని మేనకోడలు చెయ్యి పట్టుకుంది. పచ్చి మాంసం కడిగితే ఆ తుంపరలు చుట్టుపక్కల పడతాయి, పక్కనే పచ్చిగా తినే ఆకులుంటే రోగం తెచ్చిపెడతాయని వాళ్ళ బడిలో చెప్పారట. మాంసానికి వేరే కత్తి, వేరే పళ్ళెం. పచ్చి ముక్కలు పెట్టిన పళ్ళెంలో కాలిన ముక్కలు పెట్టకూడదు. పన్నెండేళ్ళ పిల్ల చెబుతుంటే బుద్ధిగా విన్నాను.

ముక్కల్ని అప్పడాల కర్రతో కొట్టి అంతటా ఒకే మందంగా, ఓ అరంగుళం ఉండేలా పరిచింది మరదలు. లేకపోతే సన్నటి అంచు ఎండిపోతుంది, మధ్యలో పచ్చిగా ఉండిపోతుంది. నిమ్మరసం, నూనె, వెల్లుల్లి, మిరియాల పొడి, ఉప్పు పట్టించి గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచింది. నిమ్మరసం పట్టించి రాత్రంతా ఉంచితే పైన మెత్తబడి పిండిలా అయిపోతుందట. ఒక్కో వైపు అయిదారు నిమిషాలు కాల్చారు. థర్మామీటరు గుచ్చి 74 డిగ్రీలు, వాళ్ళ లెక్కలో 165, వచ్చాకే దించారు. దించిన వెంటనే కొయ్యకుండా అయిదు నిమిషాలు ఆగితే రసం ముక్కలోనే ఉంటుంది. అదే గ్రిల్లు మీద మొక్కజొన్న కంకులు, సగానికి కోసిన పీచ్ పళ్ళు కూడా కాలాయి.

ఇక బల్ల సంగతి. దాని మీద పది గిన్నెలు వరసగా పెట్టారు. లెట్యూస్ ఆకులు, కీరా, టమాటా, ఉల్లి చక్రాలు, ఒలిచిన మొక్కజొన్న, ఉడికించిన నల్ల బీన్స్, అవకాడో, ఉడికిన గుడ్లు, పీచ్ ముక్కలు, సన్నగా తరిగిన కోడి. పక్కన రెండు సీసాలు. ఒకదాంట్లో నిమ్మరసం, నూనె, తేనె, ఆవపిండి గిలక్కొట్టినది. రెండోదాంట్లో పెరుగు, పుదీనా. ఎవరి పళ్ళెం వాళ్ళే నింపుకోవాలి. మేనల్లుడు ఆకు తక్కువ, కోడి ఎక్కువ వేసుకున్నాడు. మేనకోడలికి ఉల్లి గిట్టదు, వదిలేసింది. తమ్ముడికి షుగరు, బీన్సూ ఆకూ దండిగా వేసుకున్నాడు. నేను పచ్చిమిరప తగిలించాను.

"సీజర్ సలాడ్ అంటే రోమ్ చక్రవర్తి పేరనుకుంటారత్తా," అన్నాడు మేనల్లుడు. "అది మెక్సికోలోని తిహువానా ఊళ్ళో 1924లో సీజర్ కార్డిని అనే హోటలాయన కలిపిందట. మొదట్లో అందులో కోడి కూడా లేదు." అలా కబుర్లు చెప్పుకుంటూ నలుగురూ ఒకేచోట కూర్చున్నారు. పోనీలే అని సంతోషిస్తూ, అలవాటుగా లేచి వడ్డించబోయాను. "వడ్డించడానికేం లేదత్తా, కూర్చో" అంది పిల్ల.

నిజమే, వడ్డించడానికేమీ లేదు. మరదలు కూడా కూర్చుని తింటోంది. నా గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. మా అమ్మ అన్నం తింటుండగా నేనెప్పుడైనా చూశానా అని ఆలోచించాను. రోహిణి కార్తె ఎండల్లో బొగ్గుల కుంపటి ముందు చెమటలు కక్కుతూ వండేది. అందరం తిని లేచాక, ఎప్పుడు తినేదో, ఏం మిగిలితే తినేదో. ఎంత గుర్తు చేసుకున్నా అమ్మ వడ్డించే చెయ్యే కనిపించింది కానీ, తినే ముఖం కనిపించలేదు. మరి మా అబ్బాయికి నేనెలా గుర్తుంటాను? ఆ రాత్రి నిద్ర పట్టలేదండీ.

బెజవాడ తిరిగొచ్చాక 2024 మే నెలలో ఓ ఆదివారం ఇంట్లో ప్రకటించాను. మావారు "ఆకులు తినడానికి నేనేమైనా మేకనా?" అన్నారు. అత్తగారు "ఎండాకాలంలో కోడా? వేడి చేస్తుంది" అన్నారు. మా అబ్బాయి మాత్రం గిన్నెలు సర్దడానికి వచ్చాడు.

మన దగ్గర గ్రిల్లు లేదని బెంగపడకండి. మందపాటి ఇనప పెనం చాలు. నలుగురికి అరకిలో ఎముక లేని కోడి తీసుకోండి. రెండు చెంచాల నిమ్మరసం, రెండు చెంచాల నూనె, చెంచా వెల్లుల్లి ముద్ద, చెంచా మిరియాల పొడి, అరచెంచా కారం, తగినంత ఉప్పు పట్టించండి. పెనం బాగా కాలాక వేసి, ఊరికే కదపకుండా ఒక్కో వైపు అయిదారు నిమిషాలు ఉంచండి. థర్మామీటరు లేకపోతే అన్నిటికంటే మందంగా ఉన్న ముక్క కోసి చూడండి. గులాబీ రంగు ఏమాత్రం ఉన్నా మళ్ళీ పెనం మీద వెయ్యాల్సిందే.

లెట్యూస్ మన ఎండకి సొమ్మసిల్లిపోతుంది. దాని బదులు లేత క్యాబేజీ సన్నగా తరగండి. కీరా, టమాటా, క్యారెట్ తురుము, పచ్చిమామిడి కోరు, దానిమ్మ గింజలు, ఉడికించిన సెనగలు, వేయించిన వేరుసెనగ గుళ్ళు పెట్టుకోండి. నానబెట్టిన పెసరపప్పు మరిచిపోవద్దు. శ్రీరామనవమి నాటి వడపప్పు మనకు ఎండాకాలపు సలాడ్ కాక మరేమిటి? మాంసం ముట్టని వాళ్ళకి అదే పెనం మీద, కోడి వెయ్యకముందే, పనీర్ ముక్కలు కాల్చి విడిగా ఉంచండి. పచ్చిగా తినేవన్నీ ముందే మంచినీళ్ళతో బాగా కడిగి, గుడ్డ మీద ఆరబెట్టండి. ఉప్పు, నిమ్మరసం పళ్ళెంలో వేసుకున్నాకే కలపాలి, లేకపోతే కీరా నీరు కారి అంతా చప్పబడుతుంది.

ఒక్క జాగ్రత్త. అమెరికాలో వండిన మాంసం బయట రెండు గంటలకి మించి ఉంచరు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. మన వేసవిలో 32 దాటని రోజేది? అందుకని అందరూ కూర్చున్నాకే కోడి బల్ల మీదకి తీసుకురండి. మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి.

అన్నట్టు, మావారు రెండోసారి మామిడి కోరు వేసుకుని, పైన పెరుగన్నం కూడా తిన్నారు. తిననీయండి! రోజూ ఇదే తినమని నేనెక్కడన్నాను? మా ఇంట్లో ఇది వేసవి ఆదివారం రాత్రుళ్ళకే. మిగతా రోజుల్లో పప్పూ, చారూ, ఆవకాయే.

ఆ రాత్రి మా అత్తగారు పళ్ళెం పట్టుకుని వంటింటి గడప దగ్గరే నిలబడ్డారు. డెబ్బై రెండేళ్ళ మనిషి. కొడుకు తినకుండా ఏనాడూ ముందు తినలేదు. మా అబ్బాయి కుర్చీ లాగి "కూర్చో నానమ్మా, వడ్డించేవాళ్ళెవరూ లేరు, అందరం తినేవాళ్ళమే" అన్నాడు. ఆవిడ కూర్చున్నారు. వడపప్పు, పనీర్, దానిమ్మ గింజలు వేసుకుని మెల్లిగా నములుతూ, కాసేపాగి నన్ను చూసి, "నువ్వు తినేటప్పుడు నీ బుగ్గ మీద సొట్ట పడుతుందే! ఇన్నేళ్ళలో చూడనేలేదు" అన్నారు.

ఇరవై రెండేళ్ళు కాపురం చేశానండీ ఆ ఇంట్లో! ఈ ఆదివారం మీరూ పది గిన్నెలు పెట్టి చూడండి. ముందు మీ పళ్ళెం నింపుకోండి.