ఏకు, మేకు, గొంగడి

రండి, కూర్చోండి. చాప పిల్లలు ఎత్తుకుపోయారు, ఆ గొంగడి మీదే సర్దుకోండి. కాస్త గుచ్చుకుంటుంది, ఏమనుకోకండి.

‘ఏకై వచ్చి మేకైంది’ అంటాం కదా. పెద్దవాణ్ణయ్యేదాకా నేను దాన్ని నాలుగు కాళ్ళ మేకే అనుకున్నాను. కాదట, గోడకు కొట్టే మేకు. మరి ఏకు? వడకడానికి సిద్ధం చేసిన మెత్తటి చుట్ట. అది దూదిదే కానక్కర్లేదు, ఉన్నిదీ కావచ్చు. ఇప్పుడు నా కబుర్లన్నీ ఈ ఉన్ని ఏకు గురించే.

తెలంగాణలో కురుమలు గొంగళ్ళు నేసేది దక్కనీ గొర్రె ఉన్నితో. మనకు మాంసం పెట్టే నెల్లూరు గొర్రెకు ఉండేది పొట్టి వెంట్రుకే, ఉన్ని కాదు. దక్కనీ దాని ఉన్ని నల్లగా, ముతకగా ఉంటుంది. మెరినో స్వెట్టరు పక్కన పెడితే తేలిపోతుంది. వానలో గొంగడి కొప్పెర పెట్టుకున్న కాపరిని అడగండి, ఏది గొప్పో చెబుతాడు.

ఏడాదికి రెండుసార్లు కత్తెర పడుతుంది. అంతకు ముందే మందను చెరువులోకో వాగులోకో తోలి కడిగేస్తారు. ఉన్ని గొర్రె ఒంటి మీద ఉండగానే ఉతుకు అయిపోతుందన్నమాట! కత్తిరించాక వేడినీళ్ళలో వేసి పిసికామా, కొంప మునిగినట్టే. ఉన్నిపోగు మీద కంటికి కనపడని పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి తగిలితే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, మళ్ళీ విడవవు. కాశ్మీరులో నమ్దాలు, అంటే నేయకుండా ఒత్తి చేసే ఉన్ని తివాచీలు, చేసేవాళ్ళకు ఆ పట్టే కావాలి. వడికేవాళ్ళకు మాత్రం అది శత్రువు.

ఆ తర్వాత ఏరడం. అసలు పనంతా ఇక్కడే ఉంది. నలుపు ఒక కుప్ప, తెలుపు ఒక కుప్ప, ఈ రెంటికీ చెందని బూడిద రంగు ఇంకో కుప్ప. ప్రతి కుప్పలోనూ పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు, ఎండిన పెంటికలు. గుప్పెడు గుప్పెడు చొప్పున తీసి, వేళ్ళతో విప్పుతూ, దులుపుతూ పోవాలి. ఓసారి ఒక ముసలమ్మ పక్కన కూర్చుని నేనూ చేయి పెట్టాను. చిక్కు కనపడగానే రెండు చేతులా లాగాను. “గుంజకు బిడ్డా! ఇప్పాలె, గుంజద్దు,” అందామె. లాగితే పోగు తెగుతుంది, తెగిన తుంపులు దారంలో ఉండలవుతాయి. అరగంట కష్టపడితే నా వంతు పిడికెడు అయింది. ఆమె ముందున్న కుప్ప మోకాలెత్తు. పైగా ఆమె నా పిడికెడు మళ్ళీ మొదట్నించీ విప్పింది, నా ఎదురుగానే!

విప్పిన ఉన్నిని ఏకడానికి వింటిలాంటి సాధనం ఉండేది. బిగించిన నరాన్ని కొడితే ఆ అదురుకు పోగులు విడిపోయి, మిగిలిన దుమ్ము కిందికి రాలుతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ పని మిషన్‌ది. అలా పొంగిన ఉన్నిని చుట్టితే ఏకు. దాన్ని రాట్నానికి అందిస్తే దారం. పెళ్ళి కంకణం ఈ దారంతో కట్టుకునే కురుబలను (కర్ణాటక వైపు కురుమల పేరు అదే) ఉన్ని కంకణం వారని, నూలుతో కట్టుకునేవారిని హత్తి కంకణం వారని అంటారు. హత్తి అంటే కన్నడంలో పత్తి.

పడుగుకు చింతగింజల గంజి పట్టించడం, మగ్గం, అవన్నీ మరోసారి. మగ్గం దగ్గర ఫొటోలు తీసేవాళ్ళు బోలెడుమంది. ముళ్ళు ఏరే చేతికి ఎవరూ కెమెరా పెట్టరు, అదీ నా కడుపుమంట.

‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు’ అని ఎగతాళి చేస్తాం. ఆ సామెత విన్నప్పుడల్లా నాకు ఆ ముసలమ్మే గుర్తొస్తుంది. ఆమె ఏరింది కాబట్టి మనకు వెంట్రుకలే మిగిలాయి, లేకపోతే పల్లేరుకాయల మీద కూర్చునేవాళ్ళం.

అప్పుడే లేచారా? పంచె వెనక ఓసారి దులుపుకోండి. నల్లవి రెండు అంటుకున్నాయి.