చౌమహల్లాలో అమ్మమ్మ గుర్తొచ్చింది

చార్మినార్ దగ్గర ఆటో దిగి, లాడ్ బజార్ గాజుల దుకాణాలు దాటుకుంటూ నడిస్తే చౌమహల్లా ప్యాలెస్ దగ్గరే. మొన్న ఆదివారం అమ్మా నేనూ వెళ్లాం.

ఖిల్వత్ దర్బారు హాల్లో బెల్జియం షాండ్లియర్లు 19 ఉన్నాయి. వాటి కింద ఫోటో దిగాలంటే మన వంతు వచ్చేదాకా ఆగాల్సిందే. మా ముందున్న కొత్త జంట ఒక్క స్తంభం దగ్గరే 30 ఫోటోలైనా దిగి ఉంటారు. నేనేం తక్కువ తినలేదు లెండి!

అమ్మ మాత్రం నిజాముల కాలం ఫోటోల దగ్గర ఆగిపోయింది. "ఒక్కళ్లూ నవ్వరేమే?" అంది.

ఎలా నవ్వుతారు? మొదట్లో గాజు పలక మీద బొమ్మ పడాలంటే కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి. అంతసేపు నవ్వు నిలబెట్టడం కష్టం. తర్వాత త్వరగా బొమ్మ పడే పలకలొచ్చినా, ఫోటో అంటే బిగుసుకుని కూర్చోవడమనే అలవాటు మాత్రం పోలేదు.

ఈ ఊరి ఫోటోల గురించి చెప్పాలంటే రాజా దీన్‌దయాళ్ పేరు చెప్పాల్సిందే. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టాడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివాడు. ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. నాకు నచ్చింది ఆ రాజా బిరుదు కాదు. 1892లో ఆయన హైదరాబాద్‌లో ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. అక్కడ ఫోటోలు తీసేదీ ఆడవాళ్లే. పరదా చాటున ఉండేవాళ్లు ధైర్యంగా వచ్చి కూర్చునేవారట.

ఇది చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు.

మా అమ్మమ్మ ఎప్పుడూ ఫోటో దిగలేదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందనేది. మేమంతా నవ్వేవాళ్లం. తీరా పెద్దకర్మకు ఫోటో కావాల్సి వస్తే ఇల్లంతా వెతికాం. పిన్ని పెళ్లి ఆల్బమ్‌లో, ఓ గ్రూపు ఫోటోలో వెనక వరసలో పక్కకి తిరిగి ఉంది. అదే కత్తిరించి పెద్దది చేయించాం. భుజం మీద ఎవరిదో చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆయుష్షూ లేదు, గాడిదగుడ్డూ లేదు" అంది అమ్మ. "పెళ్లయిన కొత్తలో నాన్న స్టూడియోకి తీసుకెళ్లాడట. ఆ ఫోటో తీసేవాడు గడ్డం పట్టుకుని తల పక్కకి తిప్పాడట. లేచి వచ్చేసింది. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? ఆయుష్షంటే ఎవరూ బలవంతం చెయ్యరుగా."

నేను నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చాయి. రాణివాసాలకు 1892లోనే దొరికిన వెసులుబాటు, పల్లెటూళ్లో మా అమ్మమ్మకు ఎవరిస్తారు?

బయటికొచ్చి, కొలను దగ్గర అమ్మను నిలబెట్టి ఫోన్ తీశాను.

"ఎటు చూడమంటావే?"

"నీ ఇష్టం."

కొంగు సర్దుకుని, ఫోన్ వైపు కాకుండా, గోడ మీద వాలిన పావురాల వైపు చూసింది.