అరిగినది ఆయువు కాదు

కాలమృత్యువు, అకాలమృత్యువు ఎట్లు కలుగునని అగ్నివేశుడు ప్రశ్నింపగా, ఆత్రేయ మహర్షి బండి ఇరుసును దృష్టాంతముగా చూపినట్లు చరకసంహిత విమానస్థానము 3వ అధ్యాయమున కలదు. సలక్షణమైన ఇరుసు తగిన భారముతో నడిచి తన కాలమున అరిగిపోవును. అదియే అతిభారము, విషమమార్గము, కందెన లేమి, సారథిదోషము వలన నడుమనే భగ్నమగును.

జొన్నాడలో మా పాత అంబాసిడర్ కారు వెనుక భాగమున, గతుకు తగిలినప్పుడెల్ల ఠంగుమను శబ్దము వినవచ్చుచుండెను. గౌతమీ వంతెనపై వెనుకవైపు పక్కకు ఊగుచుండెను. "దాని ఆయువు తీరినదండి, అమ్మివేయుడు" అనిరి ఇరుగుపొరుగువారు. మెకానిక్ మాత్రము కమాను కట్టల కొసలనున్న రబ్బరు బుష్షులను చూపెను. ఇనుమునకు ఇనుమునకు నడుమ నిలిచి అదురును తాను భరించునది ఆ రబ్బరే. అది అరిగిన పిమ్మట ఇనుము ఇనుమును కొట్టుకొనును.

క్రొత్తవి ఎక్కించునపుడు అతడు నూనె తాకనీయలేదు, సబ్బునీరు మాత్రమే వాడెను. ఇరుసునకు హితమైన తైలమే రబ్బరును ఉబ్బించి చెరచును. జాకీ దింపి, భారము చక్రములపై నిలిచిన పిదపనే బోల్టులను పూర్తిగా బిగించెను. పైకెత్తి బిగించినచో, దింపగానే రబ్బరు మెలిపడి త్వరలో చిరుగును. ఆ శబ్దము నేడు లేదు.

దైవము, పురుషకారము రెండింటి కలయికపై ఆయువు ఆధారపడునని ఆ అధ్యాయమే చెప్పుచున్నది. కావున సాధకులారా, ప్రయత్నమునకు చోటుండగా ప్రారబ్ధమను మాట పలుకరాదు. ఇంటి పెద్దలు నొప్పి అన్నపుడు "వయస్సు వచ్చినది" అని తోసివేయక, అరిగినదేదో ముందు చూడుడు.