పెరడు మింగిన వంటిల్లు

మా వంటింట్లో ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుకుంటాయి. ఆరడుగులకి ఏడడుగులు. "ఇందులో నేనెక్కడ పడతాను?" అన్నది ఎనిమిదేళ్ళుగా మా ఆయన మాట. విజయవాడలోని ఆ ఫ్లాటు వంటగదిని పక్కనున్న నాలుగడుగుల బాల్కనీలోకి పెంచుదామని చివరికి నేనే అన్నాను. చోటు లేకే అతను రావడం లేదని నిజంగానే నమ్మాను.

విమల 'వంటిల్లు' కవిత గురించి సెమినార్లలో ఎన్నిసార్లు మాట్లాడానో. వంటిళ్ళని కూల్చమన్న కవిత అది. నేనేమో అప్పుచేసి వంటింటిని పెంచుకుంటున్నాను.

మేస్త్రీ వచ్చి చూశాడు. బరువంతా పైనున్న దూలానిదే కాబట్టి మధ్య గోడ తియ్యొచ్చన్నాడు. బాల్కనీ శ్లాబు బయటికి చాపిన చెయ్యిలాంటిది, అంచున గ్రానైటు గట్టులాంటి బరువులు వద్దన్నాడు. గ్యాసు గాలికన్నా బరువు, లీకయితే నేలమీదే పరుచుకుంటుంది, కిటికీతోపాటు నేలవారగా జాలీ కూడా ఉండాలన్నాడు. ఇంతవరకూ నాకే చెప్పాడు. గట్టు ఎత్తు దగ్గరికొచ్చేసరికి మాత్రం "సారుని ఓసారి పిలవండమ్మా" అన్నాడు. సారు వచ్చి నిలబడ్డారు. ఆయన నడుం దగ్గర 36 అంగుళాలకి గీత పడింది. నేను దాన్ని చెరిపి, 32 దగ్గర ఇంకోటి గీశాను.

ఇవాళ్టి ఫ్లాట్ల వంటగదులకి అమ్మమ్మ అనదగ్గది 1926లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. కార్మికుల ఇళ్ళకోసం మార్గరెట్ షూట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు దాన్ని గీసింది. సుమారు ఆరున్నర చదరపు మీటర్లు. ఆడవాళ్ళకి నడక తగ్గాలి, కాలం మిగలాలి అన్నదే ఆమె తపన. కానీ ఆ కొలతలు ఒక్క మనిషికే సరిపోయాయి. ఆ ఒక్కరెవరో వేరే చెప్పాలా?

పని మొదలయ్యే ముందురోజు అమ్మ పరిటాల నుంచి వచ్చింది. హైవే మీద పోయేవాళ్ళకి పరిటాల అంటే 135 అడుగుల ఆంజనేయస్వామి. నాకు మా పెరడు. అక్కడి వంటగది ఇంతకన్నా చిన్నది, పొగచూరింది. అయినా అమ్మ పని సగం బయటే జరిగేది. రోలు, గిన్నెలు తోముకునే చప్టా, గోడ అవతలి పెద్దమ్మతో కబుర్లు, పప్పు ఉడికేలోపు చెట్టుకింద నాలుగు పేజీల వారపత్రిక, అన్నీ అక్కడే.

అమ్మ బాల్కనీ చూసి, "ఇది కూడా వంటింట్లో కలిపేస్తే నువ్వెక్కడ నిలబడతావే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నా పిహెచ్.డి. గ్రంథం మొత్తం దిద్దుకున్నది ఆ బాల్కనీలోనే, ఒక ప్లాస్టిక్ కుర్చీలో. అది మా పెరడుకి మిగిలిన ముక్క అని అప్పటిదాకా తట్టలేదు.

గోడ పడింది. ఇప్పుడు వంటిల్లు పదకొండడుగులు. మొదటి రెండు వారాలూ అతను వచ్చి, బాగుందని మెచ్చుకుని, కాఫీ తీసుకుని వెళ్ళాడు. మూడో వారం ఉల్లిపాయలు ముందు పెట్టి, "చోటుందిగా" అన్నాను. కాసేపు తరిగి, గట్టు పొట్టిగా ఉంది, వంగాల్సి వస్తోందన్నాడు. వంగమన్నాను.

బరువులు వద్దన్న ఆ అంచున నా కుర్చీ వేసుకున్నాను. అతను తరుగుతున్నప్పుడు అక్కడ కూర్చుని చదువుకుంటాను. రోజూ కాదు, వారానికి రెండుసార్లు. మిగిలిన రోజుల్లో ఆ కుర్చీలో కూరగాయల సంచి ఉంటుంది.