గిర్రున తిరుగుతది, వేడైతలేదు

హనుమకొండ చౌరస్తాకు కాస్త అవతల, రెండు బండ్లు ఎదురుపడితే ఒకటి ఆగిపోవాల్సిన సందులో ఉంది ఆ దుకాణం. షటరు దగ్గర్నుంచి లోపలి గోడ దాకా మైక్రోవేవ్ ఓవెన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ప్రతిదాని నెత్తిన తెల్ల టేపు ముక్క, దాని మీద మార్కర్‌తో ఇంటిపేరు, పేట, రోగం. రోగం మాత్రం తెచ్చినవాళ్లు చెప్పిన మాటల్లోనే. ‘నిప్పులొస్తున్నయ్.’ ‘బుయ్యిమంటది.’ ‘గిర్రున తిరుగుతది, వేడైతలేదు.’ ఒకదాని మీద ఒక్క మాటే: ‘సచ్చింది.’

“సచ్చింది అని తెచ్చిందే అల్కగ బతుకుతది సారూ,” అన్నాడు మెకానిక్. యాభై దాటినవాడు. టేప్‌రికార్డర్లతో పని మొదలుపెట్టి, అవి పోయాక టీవీలకు, టీవీలు పల్చబడ్డాక వంటింటి సామానుకు మారాడు.

స్క్రూడ్రైవర్ పట్టడానికి ముందు అతను అడిగే ప్రశ్నలు చాలా ఉన్నాయి. లైటు వెలుగుతోందా? పళ్లెం తిరుగుతోందా? ఫ్యాను చప్పుడుందా? ఆగిపోయింది నడుస్తుండగానా, తలుపు తీసినప్పుడా, మూసినప్పుడా? ఈ జవాబులతోనే సగం పని తెమిలిపోతుంది. కొన్నిసార్లు మొత్తం తెమిలిపోతుంది కూడా. బటన్లు నొక్కితే పలకడం లేదని ఆటోలో వేసుకొచ్చిన ఓవెన్‌కు చైల్డ్ లాక్ పడి ఉంటుంది. పళ్లెం కటకటమంటుందని తెస్తే, కింది చక్రాల రింగు గాడిలో కూర్చుని ఉండదు. వీటికి డబ్బులు తీసుకోనన్నాడు. పక్కనే ఉన్న కుర్రాడు కిసుక్కున నవ్వాడు కాబట్టి ఆ మాటను నేను పూర్తిగా నమ్మలేదు.

నేనున్నప్పుడే నక్కలగుట్ట నుంచి ఒకావిడ ఓవెన్ పట్టించుకొచ్చింది. “తమ్మీ, పాలు పొంగుతున్నయని గబుక్కున డోర్ తీసిన. టప్‌మన్నది. గంతే.”

“ఎప్పుడు గట్లనే తీస్తరా అక్కా, స్టాప్ కొట్టకుండ?”

“స్టాప్ ఎవరు కొడ్తరు?”

అతను నా వైపు చూసి తల ఊపాడు. పై డబ్బా విప్పకముందే రోగం తేలిపోయింది. తలుపు పక్కన, కొక్కేలు దిగే చోట మూడు చిన్న మైక్రోస్విచ్చులుంటాయి. తలుపు తెరుచుకోగానే కరెంటు తెగిపోయేలా చూసేవి రెండు. మూడోది కాపలాది. ఆ రెంటిలో మొదటిది తెగాల్సిన వేళ తెగకపోతే, ఈ మూడోది లైనునే షార్ట్ చేసి ఫ్యూజును పేల్చేస్తుంది. తలుపు తెరిచి ఉండగా లోపలి తరంగాలు మనిషి మీదికి రాకుండా ఓవెన్ తనను తానే చంపుకుంటుందన్నమాట. నడుస్తుండగా తలుపు లాగే అలవాటున్న ఇంట్లో, లాగిన ప్రతిసారీ స్విచ్చు లోపల చిన్న మెరుపు పుడుతుంది. ఏళ్ల తరబడి అలా మెరిసి మెరిసి ఒకనాటికి ఆ కాంటాక్టులు అతుక్కుపోతాయి. ఆ రోజు తలుపు తీస్తే టప్.

“కొత్త ఫ్యూజ్ ఏస్తే నడుస్తది. మళ్ల తలుపు తీస్తే మళ్ల పోతది. ఫ్యూజ్ పోవుడు రోగం కాదు, రోగం ఉన్నదని చెప్పుడు.” మొదటి స్విచ్చుతో పాటు మూడోదాన్నీ మార్చాలంటాడు. షార్ట్ కరెంటంతా దాని గుండానే పోయింది కాబట్టి అది పైకి బాగానే కనిపించినా ఇక నమ్మడానికి లేదు.

అతనికి నిజంగా కోపం తెప్పించేది వేరే. బల్ల సొరుగులోంచి ఒక పింగాణీ ఫ్యూజు తీసి చూపించాడు. రెండు కొనలకూ రాగి తీగ చుట్టి ఉంది. ఇంట్లో కట్అవుట్ పోతే తీగ చుట్టే అలవాటు మనకు పాతదే. ఎవరో ఎలక్ట్రీషియన్ అదే విద్యను ఓవెన్ మీద చూపించాడు. కాపలా స్విచ్చు తన పని తాను చేసింది. ఫ్యూజు కరగలేదు. స్విచ్చే మసైపోయి, దాని చుట్టూ ప్లాస్టిక్ కరిగింది. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదంటే అది అదృష్టమేనని నా అభిప్రాయం.

నిప్పులొచ్చే ఓవెన్లది మరో కథ. లోపల కుడివైపు గోడకు ఒక లేత గోధుమరంగు అట్టముక్క ఉంటుంది. చాలామంది దాన్ని ప్యాకింగ్ అట్ట అనుకుంటారు, కొందరు పీకి పారేస్తారు కూడా. నిజానికది అభ్రకం రేకు, తరంగాలు లోపలికి వచ్చే దారికి వేసిన తెర. దాన్నుంచి తరంగాలు వెళ్తాయి, నూనె తుంపరలు వెళ్లకూడదు. తుంపరలు దాని మీదే పేరుకుని మాడి బొగ్గవుతాయి. బొగ్గు కరెంటును పట్టుకుంటుంది. అప్పుడు చిటపటలు, ఆపైన రేకుకే చిల్లు. మన కూరల్లో తాలింపు నూనె, కారం ఎక్కువ, మూత పెట్టి వేడిచేసే ఓపిక తక్కువ. మెకానిక్ పెద్ద రేకులోంచి కత్తెరతో కొలత ప్రకారం కోసి పది నిమిషాల్లో బిగించేశాడు. నిన్నటి సర్వపిండిని స్టీలు పళ్లెంలో పెట్టి తిప్పడం వల్ల వచ్చే నిప్పులు వేరు, ఈ నిప్పులు వేరు. అక్కడ పళ్లెం మారిస్తే చాలు. ఇక్కడ రేకు మార్చేదాకా ఆన్ చేయకూడదు. వదిలేస్తే ఆ మెరుపు వెనకున్న, తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ దాకా పాకుతుంది.

మాగ్నెట్రాన్ పేరు ఎత్తితే పాతకాలం గుర్తురావాలి. 1940లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ అనే ఇద్దరు దీన్ని రాడార్ కోసం తీర్చిదిద్దారు. యుద్ధం ముగిసే వేళకు అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజినీరు పెర్సీ స్పెన్సర్ దీన్ని వంటకు మళ్లించి, 1945లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1947లో వచ్చిన మొదటి ఓవెన్ నిలువెత్తు బీరువా, 300 కిలోల పైమాట. బల్ల మీద పట్టే ఓవెన్ 1967కు గానీ అక్కడ జనం చేతికి రాలేదు. కాజీపేట దారిలో ఈనాటి ఎన్ఐటీకి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1959లో. ఆ కాలపు ఇంజినీరింగ్ విద్యార్థికి మైక్రోవేవ్ అంటే రాడారే.

ఇక ‘గిర్రున తిరుగుతది, వేడైతలేదు’ అన్న దాని దగ్గరికి వచ్చాం. లైటు, ఫ్యాను, పళ్లెం అన్నీ బాగున్నాయంటే తలుపు స్విచ్చులు, ఫ్యూజు చాలావరకు బాగున్నట్టే. తేడా హై వోల్టేజి వైపు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఇంటి 230 వోల్టులను సుమారు 2,000 చేస్తుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని దాదాపు రెట్టింపు చేస్తాయి. “చెవి పెట్టి వినాలె. బుయ్యిమని గట్టిగ మోగితే డయోడో కెపాసిటరో షార్ట్. అసలు చప్పుడే మారకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటే పోతలేదు.” పని నేర్చుకునేవాళ్లు డయోడ్ దగ్గర బోల్తా పడతారట. మామూలు మల్టీమీటర్ బ్యాటరీకి దీనిలోంచి కరెంటు నెట్టే సత్తువ లేదు కాబట్టి మంచి డయోడ్‌ను కూడా తెగిందనే చూపిస్తుంది. వరసగా తొమ్మిది వోల్టుల బ్యాటరీ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

డబ్బా విప్పగానే అతను ముందు చేసిన పని ప్లగ్గు పీకి ఉందో లేదో మళ్లీ చూసుకోవడం. తర్వాత కాసేపు ఊరకే కూర్చున్నాడు. కెపాసిటర్ లోపల నిల్వను మెల్లగా కరిగించే రెసిస్టర్ ఉంటుంది, దానికి టైమివ్వాలి. ఆ రెసిస్టరే పోయి ఉంటే? అందుకే టైమిచ్చాక కూడా అతను దాన్ని చేత్తో ముట్టలేదు. పిడి కట్టిన తీగతో నిల్వను దించాకే చెయ్యి పెట్టాడు. ప్లగ్గు తీశాం కదా అని ఇంట్లో వీడియో చూసి పై డబ్బా విప్పేవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, స్క్రూడ్రైవర్ కింద పెట్టేస్తారు. పళ్లెం, రింగు, రేకు మీది జిడ్డు, చైల్డ్ లాక్, ప్లగ్ పాయింటు: ఇంటివాళ్ల పని ఇంతవరకే.

ఆ రోజు తేలింది డయోడ్. మార్చి, గిన్నెలో లీటరు నీళ్లు పెట్టి థర్మామీటర్‌తో చూశాడు. నిమిషానికి పది డిగ్రీలు పెరిగితే లోపల 700 వాట్లు పుట్టినట్టే లెక్క. తొమ్మిది పెరిగింది. “నడుస్తది. పాతదాయె.”

తరంగాలు బయటికి కారుతున్నాయేమోనన్న భయంతో కూడా తెస్తారు. సెల్‌ఫోన్ లోపల పెట్టి మరో ఫోన్‌తో కొట్టి, మోగితే ‘లీకు’ అని తేల్చేసుకుంటారు. అది పరీక్షే కాదు. ఫోన్ అత్యంత బలహీనమైన సిగ్నల్‌ను కూడా పట్టుకుంటుంది, పైగా ఓవెన్ తలుపు తయారైంది 2,450 మెగాహెర్ట్జ్ కోసం, ఫోను టవర్ల కోసం కాదు. అద్దం వెనక జల్లెడ రంధ్రాలు మిల్లీమీటర్లలో ఉంటాయి, తరంగం పొడవు 12 సెంటీమీటర్లు. అది అందులోంచి దూరలేదు. కొలవడానికి లీకేజీ మీటర్ ఉంది. అంచు నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించకూడదన్నది అమెరికా పెట్టిన హద్దు. ఇక్కడా ఆ మీటర్ ఉంది, ప్రతి తలుపు చుట్టూ నెమ్మదిగా తిప్పుతారు.

అతను ముట్టనిది ఒక్కటే. రూము మారుతూ మెట్ల మీద జారవిడిచిన ఓవెన్ ఒకటి ఇద్దరు విద్యార్థులు తెచ్చారు. స్విచ్ వేస్తే బ్రహ్మాండంగా నడుస్తోంది, తలుపు మాత్రం ఒక మూల వంగింది. తలుపు అంచు చుట్టూ సుమారు మూడు సెంటీమీటర్ల లోతు గాడి ఉంటుంది, అంటే తరంగం పొడవులో నాలుగోవంతు. కారబోయే తరంగాన్ని వెనక్కి తిప్పేది అదే. అంచు వంగితే ఆ లెక్క తప్పుతుంది. సుత్తితో సాపు చేస్తే కంటికి బాగుంటుందే తప్ప గాడి కొలత తిరిగి రాదు.

“ఆన్ అయితుంది కదా అన్నా. కొంచెం తట్టి ఇయ్యి.”

“తలుపు ఒంగినదాన్ని నేను పట్ట తమ్మీ. గీ మోడల్‌కు తలుపు దొరికితే ఏస్త, లేకుంటే పార్టులకు తీసుకుంట.” ట్రాన్స్‌ఫార్మర్, ఫ్యాను, గాజు పళ్లెం పనికొస్తాయన్నాడు. మాగ్నెట్రాన్ మాత్రం అయస్కాంతాల కోసం పగలగొట్టే పాత సామాను వాళ్లకు ఇవ్వనన్నాడు. కొన్నింటి పింగాణీలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. అది ఈ-వేస్ట్ సంచిలోకి పోతుంది.

విద్యార్థులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పార్టులకైతే ఎంతిస్తావని అడిగారు. అతను చెప్పిన అంకెకు రెట్టింపు వాళ్లు చెప్పారు. నేను బయటికొచ్చేసరికి బేరం ఇంకా సగంలోనే ఉంది.